కాపడం, ఐసు: జాగ్రత్తల చరిత్ర
చరక సంహిత సూత్రస్థానంలో 14వ అధ్యాయం పూర్తిగా స్వేదకర్మ గురించే. నిప్పు వేడితో చెమట పట్టించే పద్ధతులు 13 చెప్పిన ఆ గ్రంథం, అవి ఎవరికి పనికిరావో కూడా చెప్పింది. గర్భిణులు, మధుమేహ రోగులు ఆ జాబితాలో ఉన్నారు. మధుమేహంలో పాదాల స్పర్శ తగ్గితే చర్మం కాలుతున్నా తెలియదు కాబట్టి, ఈ హెచ్చరికకు నేటికీ విలువ ఉంది.

ఆధునిక ఫిజియోథెరపీలో కాపడానికి గొప్ప పేరు తెచ్చినవారు ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ. పోలియో సోకిన పిల్లల కాళ్లను బద్దలు కట్టి కదలనివ్వని రోజులవి. ఆమె ఉన్ని గుడ్డలను మరిగే నీళ్లలో ముంచి, చుక్క నీరు మిగలకుండా పిండి, బిగుసుకున్న కండరాలకు చుట్టేవారు. ఆ పిండడంలోనే ఉంది నేర్పంతా. నీరు మిగిలితే బొబ్బలెక్కుతాయి. నొప్పి తగ్గాక కాళ్లు, చేతులు ఆడించేవారు. 1940లో ఆమె అమెరికా వెళ్లారు. 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేరిట సంస్థ వెలిసింది. జబ్బు గురించి ఆమె చెప్పిన సిద్ధాంతం నిలవలేదు, చికిత్స నిలిచింది.

బెణుకులకు విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తులో ఉంచడం అనే సూత్రాన్ని 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ ప్రచారంలోకి తెచ్చారు. ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత ఆయనే చెప్పారు. అలా చెప్పడానికి నిజాయితీ కావాలి. నొప్పి తగ్గించడానికి ఐసు వాడకం మాత్రం కొనసాగుతోంది. దాన్ని గుడ్డలో చుట్టి, కొద్ది నిమిషాలే ఉంచుతారు. వేడైనా, చల్లదనమైనా పెట్టే ముందు వేడినీళ్లున్న పరీక్షనాళికను, చన్నీళ్లున్న పరీక్షనాళికను చర్మానికి తాకించి, తేడా తెలుస్తోందో లేదో రోగిని అడుగుతారు.