తీరములేని రాజ్యమునకు ఆకాశమే రేవా? – హైదరాబాదు సంస్థానపు అనుభవము

ధర్మపురి జిల్లాలోని వత్తల్‌మలైపై నిలిచి ఏ దిక్కునకు జూచినను కొండలును పొలములును గానవచ్చునే గాని సముద్రము గానరాదు. తీరములేని సీమవారు పరస్థలములకు బోవలెనన్న పొరుగువారి నేలమీదుగనే పోవలెను. ఒక జిల్లాకిది చిన్న యిబ్బంది. ఒక రాజ్యమునకు ప్రాణసమస్య. ఈ సత్యము తెలుగువారి చరిత్రలో హైదరాబాదు సంస్థానమునందు స్పష్టముగా గోచరించును.

ఆ సంస్థానమునకు మొదట తీరము లేకపోలేదు. 1766 నాటి సంధివలన ఉత్తరసర్కారులును, 1788లో గుంటూరు సర్కారును ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. కోస్తా యంతయు చేజారెను. అటుపిమ్మట 82 వేల చదరపు మైళ్లకు పైబడిన రాజ్యమునకు ఓడ నిలుపుకొన చోటు లేకపోయెను.

ఈ కొరత దీర్చుటకు మొదట రైలు వచ్చెను. 1874లో వాడి–సికిందరాబాదు మార్గమును, 1889లో బెజవాడ మార్గమును ఏర్పడినవి. కాని సరిహద్దు దాటిన పట్టాలు పరుల పాలనలోని నేలపై నుండెను. పిమ్మట దృష్టి ఆకాశముపై బడెను. 1930 దశాబ్దిలో ఏరోక్లబ్బును, బేగంపేట విమానాశ్రయమును వెలసెను. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటాలును గలసి డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థను స్థాపించిరి. 1946 నుండి దాని డకోటా విమానములు మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ నగరములకు ఎగురసాగెను.

1947లో పోర్చుగీసువారి మార్మగోవా రేవును సంపాదింప నిజాము ప్రభుత్వము యత్నించెను, అది ఫలింపలేదు. 1948లో భారతదేశముతో వైరము ముదిరి సరకుల రాక స్తంభించినప్పుడు, సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానములలో రహస్యముగా ఆయుధములు దెచ్చి బీదరు, వరంగల్లు మొదలగు చోట్ల దింపెను. అయినను సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనికచర్య 17వ తేదీకే ముగిసెను.

కారణము విచారింపదగినది. విమానము టపాను, ప్రయాణికులను, విలువగల స్వల్పభారమును మోయగలదు. ఒక దేశపు ఉప్పును, బొగ్గును, ధాన్యమును మోయజాలదు. దానికి వలసిన పెట్రోలు సహితము పొరుగు నేలమీదుగనే రావలెను. అది దాటవలసిన ఆకాశమును పొరుగువారిదే. కావున ఆకాశము రేవునకు తోడగును గాని మారు కాజాలదు. తీరములేని రాజ్యమునకు పొరుగువారి సఖ్యమే నిజమైన రేవు.

1953 ఆగస్టులో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో లీనమయ్యెను. 2008 మార్చిలో హైదరాబాదు ప్రయాణిక విమానములు బేగంపేటను వీడి శంషాబాదునకు మారెను. ఇటు 1993లో సేలమునకు చెంత కామలాపురమున విమానాశ్రయము వెలసెను. 2023లో అచటినుండి హైదరాబాదునకు విమానములు బయలుదేరెను. నాడు సరిహద్దులు అడ్డుపడిన నగరమునకు నేడు ధర్మపురి తెలుగువారు ఎవరి యనుమతియు వేడక ఎగిరిపోగలుగుట ఏకదేశత్వము ప్రసాదించిన ఫలము.