గడ్డ సైజు చెప్పని సంగతి

ఇంటి నుంచి వాట్సాప్‌లో స్కాన్ రిపోర్టు వస్తే మనం ముందు చూసేది ఒక్కటే: గడ్డ ఎన్ని సెంటీమీటర్లుంది? తగ్గితే మందు పనిచేసినట్టు, లేకపోతే లేనట్టు. చాలా ఏళ్లు డాక్టర్ల లెక్క కూడా దాదాపు ఇదే. అది ఎలా మారిందో ఈ ఎపిసోడ్‌లో చెప్పాను. డ్యూటీల వల్ల వినడం కుదరనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడేస్తాయని 1920ల్లో జర్మనీలో ఓటో వార్‌బర్గ్ గమనించాడు. యాభై ఏళ్ల తర్వాత అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో గ్లూకోజ్‌లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించారు. దాని పేరు ఎఫ్‌డీజీ. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగమైపోతుంది. అందుకే 1976 ఆగస్టులో మొదటిసారి మనిషికి ఎక్కించడానికి దాన్ని ఫిలడెల్ఫియాకు విమానంలో పంపారు. ఒంట్లో చక్కెర ఎక్కువ ఖర్చయ్యే చోటు పెట్ స్కాన్‌లో వెలుగుతుంది.

ఇక 2000 మార్చి, ఫిన్లాండ్‌లోని హెల్సింకి. కడుపు, పేగుల్లో పుట్టే జిస్ట్ అనే అరుదైన క్యాన్సర్ ఒకామెకు లివర్‌కు పాకింది. కీమో పనిచేయలేదు. ఆ గడ్డను పెంచే కిట్ అనే ప్రోటీన్‌నే గురిపెట్టి ఆపే ఇమాటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు. నెల తర్వాత పెట్ తీస్తే గడ్డల వెలుగు ఆరిపోయింది.

ఆ తర్వాతి ట్రయల్స్‌లో ఇంకో సంగతి బయటపడింది. కొందరిలో ఒక్క రోజుకే వెలుగు తగ్గింది, సీటీలో సైజు మాత్రం అలాగే ఉంది. సైజే చూసి ఉంటే పనిచేస్తున్న మందును ఆపేసేవారు! మందు గురి తగిలిందని ముందే చెప్పే ఇలాంటి గుర్తునే ఇమేజింగ్ బయోమార్కర్ అంటారు. 2007లో అమెరికా డాక్టర్లు జిస్ట్ కోసం సీటీలోనే సైజుతోపాటు గడ్డ సాంద్రతనూ లెక్కలోకి తీసుకునే పద్ధతి తెచ్చారు.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఇమాటినిబ్‌ను చవగ్గా తయారుచేసిన కంపెనీల్లో నాట్కో ఒకటి. ఆ మందుపై నోవార్టిస్ అడిగిన పేటెంట్‌ను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది.

పెట్‌లో వెలిగేదంతా క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షనూ వెలుగుతుంది. ప్రతి క్యాన్సర్ వెలగదు కూడా. కాబట్టి అన్నా, తమ్ముడూ, రిపోర్టులో సైజు తగ్గలేదని మనంతట మనం మాత్రలు ఆపించొద్దు. డాక్టర్‌ను ఈ ఒక్క ముక్క అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి: “మందు పనిచేస్తోందో లేదో దేన్నిబట్టి చూస్తున్నారు?”