కెర్నల్ చూడని తాళాలు

బిగుసుకుపోయిన ప్రోగ్రాముకు, అది కెర్నల్‌కు చేసే పిలుపులను చూపించే ఎస్‌ట్రేస్ తగిలిస్తే చాలాసార్లు తెర మీద ఒక్క వరుస పడి ఆగిపోతుంది: ఫ్యూటెక్స్ అనే పేరు, ఒక మెమరీ చిరునామా, ‘వెయిట్’ అన్న ఆజ్ఞ, పక్కన 2 అంకె. ఎదురుచూస్తున్న థ్రెడ్ ఏదో దాంతో తేలిపోతుంది. తాళం ఎవరి చేతిలో ఉందో మాత్రం తేలదు. ఇది పనిముట్టు చేతగానితనం కాదు, 2002లో తెలిసి కుదుర్చుకున్న బేరం. వేగం కోసం లాక్‌ను కెర్నల్ కంటపడకుండా తప్పించారు. అలా పోగొట్టుకున్న చూపును వాయిదాల మీద తిరిగి కొనుక్కోవడమే ఆ తర్వాతి ట్రేసింగ్ పనిముట్ల చరిత్ర.

పాత సిస్టం ఫైవ్ సెమాఫోర్లలో పోటీ ఉన్నా లేకున్నా పట్టుకోవడానికోసారి, వదలడానికోసారి కెర్నల్‌లోకి వెళ్లి రావాల్సిందే. ఖర్చెక్కువ, కానీ ప్రతి రాకపోకా లెక్కకెక్కేది. 1991లో సన్‌ఓఎస్ కోసం పాల్ క్రానెన్‌బర్గ్ రాసిన ఎస్‌ట్రేస్ చేసే పని ఆ గుమ్మం దగ్గర కూర్చుని పద్దు రాసుకోవడం. 2002లో ఒట్టావా లైనక్స్ సింపోజియంలో హ్యూబర్టస్ ఫ్రాంకే, రస్టీ రస్సెల్, మాథ్యూ కిర్క్‌వుడ్ వివరించిన ఫ్యూటెక్స్‌తో గుమ్మం తొక్కే అవసరమే తగ్గిపోయింది. సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ ఇచ్చే మ్యూటెక్స్‌లో లాక్ అంటే మెమరీలో ఒక అంకె. ఖాళీగా ఉంటే 0. ఒక్క అటామిక్ ఇన్‌స్ట్రక్షన్‌తో దాన్ని 1 చేసినవాడిదే తాళం. అప్పటికే ఎవరైనా పట్టుకుని ఉంటే అంకెను 2 చేసి, కెర్నల్‌కు చెప్పి నిద్రపోవాలి. ఎస్‌ట్రేస్ చూపించే 2 ఇదే. అంతకుముందటి థ్రెడ్ లైబ్రరీ లైనక్స్‌థ్రెడ్స్‌లోనూ ఖాళీ లాక్ కెర్నల్ దాకా వెళ్లేది కాదు కదా అనవచ్చు. నిజమే. కాకపోతే అందులో నిద్రపుచ్చడం, లేపడం అంతా సిగ్నళ్లతో నడిచేది. ఫ్యూటెక్స్ వచ్చాకే ఆ పొదుపు వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య కూడా చక్కగా కుదిరి, లైనక్స్‌లో మామూలు పద్ధతైంది.

పోటీ లేని లాక్‌తో నష్టమేముంది, దాన్ని చూడకపోతే ఏం పోయింది అనేవాళ్లున్నారు. డెడ్‌లాక్‌నే తీసుకుందాం. ఒక థ్రెడ్ మొదటి తాళం పట్టుకుని రెండోదాని కోసం నిలబడింది. ఇంకో థ్రెడ్ రెండోది పట్టుకుని మొదటిదాని కోసం నిలబడింది. పద్దులో కనబడేవి రెండు నిరీక్షణలే. అసలు తప్పు జరిగింది అంతకుముందు, ఏ పోటీ లేకుండా చడీచప్పుడు కాకుండా పట్టుకున్న ఆ రెండు తాళాల వరుసలో. అందుకే చూపు గుమ్మం వదిలి ఇంట్లోకి రావాల్సి వచ్చింది. సన్ కంపెనీ 2005లో సోలారిస్ 10తో, ప్రోగ్రాము లోపలి ఫంక్షన్లను కూడా గమనించగల డీట్రేస్‌నూ, దాని మీద నడుస్తూ లాక్‌ల లెక్క చూపే పీలాక్‌స్టాట్‌నూ ఇచ్చింది. లైనక్స్‌కు ఆ సదుపాయం మూల కెర్నల్‌లో దొరికింది 2012లో, 3.5 వెర్షన్‌లో, ఐబీఎంలో జిమ్ కెనిస్టన్, శ్రీకర్ ద్రోణంరాజు రాసిన యూప్రోబ్స్ రూపంలో. ఎక్స్86 మీద అది చేసేది మొరటు పనే: లాక్ ఫంక్షన్ మొదటి బైటు తీసేసి అక్కడ బ్రేక్‌పాయింట్ పెడుతుంది. అంటే కెర్నల్‌కు వెళ్లనక్కర్లేదని కట్టుకున్న దారిలోనే మళ్లీ కెర్నల్‌కు మళ్లింపు!

ఇక్కడే బలమైన అభ్యంతరం వస్తుంది. నానోసెకన్లలో ముగిసే పనికి అంతకు ఎన్నో రెట్లు సమయం తీసుకునే ట్రాప్ తగిలిస్తే ప్రోగ్రాము నడకే మారిపోతుంది, వెతుకుతున్న తప్పు కాస్తా దాక్కుంటుంది. కాదనలేం. అయితే ఆ అభ్యంతరం నడుస్తున్న ప్రోగ్రాముకే వర్తిస్తుంది. ఎటూ బిగుసుకుపోయినదాన్ని జీడీబీ డీబగ్గర్‌తో తెరిస్తే చెడే నడకేమీ లేదు. గ్లిబ్‌సీ మ్యూటెక్స్‌లో ‘ఓనర్’ అనే గడి ఉంది; తాళం పట్టుకున్న థ్రెడ్ సంఖ్య సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. ఎస్‌ట్రేస్ చెప్పలేని జవాబు ప్రోగ్రాము మెమరీలోనే పడి ఉందన్నమాట.

కొనుక్కున్న చూపైనా శాశ్వతం కాదు. 2021లో గ్లిబ్‌సీ 2.34 వచ్చినప్పుడు థ్రెడ్ల లైబ్రరీ లిబ్‌పీథ్రెడ్‌ను ప్రధాన లైబ్రరీ లిబ్‌సీలో కలిపేశారు. పాత ఫైలు పేరు అనుకూలత కోసం అలాగే ఉంది, లాక్ ఫంక్షన్లు మాత్రం ఇల్లు మారాయి. ఆ ఫైలులోనే ప్రోబులు దిగేసుకునే పాత స్క్రిప్టులకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.