చిట్టెలుక ప్రమాణం: ఆల్చిప్పల విష పరీక్ష చరిత్ర

ఆహార భద్రతా పరీక్షల్లో జంతువుల వాడకానికి ప్రత్యామ్నాయాల గురించి చదివేటప్పుడు మీకు ఒక సందేహం రావచ్చు. యంత్రాలు వచ్చాక కూడా ఎలుకలను ఎందుకంత కాలం వాడారు? ఆల్చిప్పల చరిత్ర చూడండి.

1927లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆల్చిప్పలు తిన్న 102 మంది జబ్బుపడ్డారు. ఆరుగురు మరణించారు. మొదట పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత కండరాలు చచ్చుబడతాయి, చివరకు ఊపిరి ఆడదు. ఉడికించినంత మాత్రాన ఈ విషం పోదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్మన్ సోమర్, కార్ల్ మేయర్ దీన్ని పరిశోధించి, ఆల్చిప్పలు ఆహారంగా తీసుకొనే సూక్ష్మజీవుల నుంచే విషం వస్తోందని గుర్తించారు. అయితే దాని రసాయన నిర్మాణం అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని పదార్థాన్ని కొలవడం ఎలా? వారు 1937లో ప్రచురించిన పద్ధతిలో కొలబద్ద చిట్టెలుకే. ఆల్చిప్పల మాంసం నుంచి ఆమ్లంతో తీసిన ద్రావణాన్ని దాని ఉదరంలోకి ఎక్కించి, గడియారం చూస్తూ కూర్చోవాలి. సుమారు 20 గ్రాముల ఎలుకను 15 నిమిషాల్లో చంపే విష పరిమాణం ఒక 'ఎలుక యూనిట్'.

ఇది క్రూరమైన పద్ధతే. కాని విషపు సరకు మార్కెట్‌కు చేరకుండా దశాబ్దాలపాటు అడ్డుకొన్నది కూడా ఇదే. దీనికి శాస్త్రీయ లోపాలూ ఉన్నాయి. ఉదాహరణకు, ద్రావణంలో ఉప్పు ఎక్కువైతే విషం తక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది.

1957లో శుద్ధమైన శాక్సిటాక్సిన్‌ను వేరుచేశారు. 1975లో దాని నిర్మాణం తేలింది. ఆ తర్వాతే రసాయన పరీక్షకు దారి ఏర్పడింది. ఎందుకంటే యంత్రం దేన్నైనా కొలవాలంటే పోల్చడానికి ఆ పదార్థపు శుద్ధ నమూనా ఉండాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది, గమనించండి. 1995లో ఐర్లండ్ ఆల్చిప్పలు తిని నెదర్లాండ్స్‌లో కొందరు జబ్బుపడ్డారు. వారి లక్షణాలకు సరిపోయే తెలిసిన విషాలు అందులో చాలా స్వల్పంగానే ఉన్నాయి. ఎలుకల్లో మాత్రం మెల్లగా పక్షవాతం కనిపించింది. ఆ కొత్త విషానికే తర్వాత అజాస్పిరాసిడ్ అని పేరు పెట్టారు. తెలిసినవాటినే వెతికే యంత్రానికి ఇలాంటిది చిక్కదని ఎలుక పరీక్షను సమర్థించినవారు వాదించారు. ఆ వాదన తేలికగా తీసివేయదగినది కాదు.

అయినా మార్పు ఆగలేదు. కొవ్వులో కరిగే విషాలకు ఐరోపా సమాజం 2011లో ద్రవ క్రొమటోగ్రఫీ–ద్రవ్యరాశి వర్ణపట పద్ధతిని ప్రామాణికం చేసి, ఎలుక పరీక్షకు 2014 చివరి వరకే గడువిచ్చింది. 1937లో ఎలుకతో కొలవడం మొదలైన ఆ పక్షవాత విషానికి కూడా 2019 జనవరి 1 నుంచి అక్కడ రసాయన పద్ధతే ప్రామాణికం. అనుమతించిన గరిష్ఠ పరిమితి మాత్రం మారలేదు: కిలో మాంసానికి 800 మైక్రోగ్రాములు.