నేటాల్ చక్కెరలో ఉత్తరాంధ్ర చెమట

దక్షిణాఫ్రికాలో చక్కెర పరిశ్రమ నేటాల్ తీరంలో పుట్టింది. డర్బన్‌కు ఉత్తరాన కంపెన్సేషన్ అనే తన తోటలో ఎడ్మండ్ మోర్‌వుడ్ 1851లో చెరకు ఆడించి చక్కెర తీశాడు. తోటల యజమానులకు భూమి దొరికింది, వానలు చాలినంత కురిశాయి, కూలీలే కరువయ్యారు. సొంత పొలాలు, పశువులు ఉన్న జులూలు ఏడాది పొడవునా పరాయి తోటల్లో పనికి కట్టుబడలేదు. నరికిన చెరకును వెంటనే ఆడించకపోతే రసం చెడిపోతుంది. కూలీలు నికరంగా ఉంటే తప్ప మిల్లు మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు.

ఆ లోటు తీర్చుకోవడానికి తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి 1,52,184 మంది వెళ్లారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. తమిళ జిల్లాల వారితో పాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ అందులో ఉన్నారు. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ, విజయనగరం, బొబ్బిలి, పాలకొండ విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. ఉత్తరాంధ్ర వలస అనగానే రంగం (బర్మా) గుర్తుకొస్తుంది. సంఖ్యలో ఆ వలసే పెద్దది. అయితే రంగం వెళ్లినవారిలో చాలామంది నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తిరిగొచ్చేవారు. నేటాల్ ఒప్పందం మాత్రం ఐదేళ్లది.

మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపై ఏటా ఒక షిల్లింగు పెంపు; బియ్యం, పప్పు, ఉండడానికి బారకాసు. ఒక రోజు పని మానితే రెండు రోజుల జీతం కోసేవారు. 1871లో తిరిగొచ్చిన కూలీలు మద్రాసులో తమ గోడు వెళ్లబోసుకున్నాక విచారణ సంఘం వేశారు. 1866లోనే ఆగిన వలస మళ్లీ మొదలైంది 1874లో. అప్పటి నుంచి కూలీలను రప్పించే ఖర్చుకు నేటాల్ ప్రభుత్వం ఏటా 10,000 పౌండ్ల సాయం ఇచ్చింది. 1894 వరకు అది సాగింది. నేటాల్ చక్కెరను వలసదొరల తెగువకు, ప్రైవేటు పెట్టుబడికి నిదర్శనంగా చెప్పేవారు ఈ పద్దును మరచిపోకూడదు. ఖజానా సొమ్ము, చట్టంతో కట్టిపడేసిన కూలి లేకపోతే ఆ మిల్లులు నిలబడేవి కావు.

ఒప్పందం ముగిశాక అక్కడే స్థిరపడదలచిన వారిని వెళ్లగొట్టడానికి 1895లో తలకు ఏటా 3 పౌండ్ల పన్నుకు చట్టం చేశారు. మొదటి ఏడాది కూలికి అది ఆరు నెలల జీతం! పన్ను కట్టలేనివారికి మళ్లీ ఒప్పందం రాసుకోవడమో, ఓడ ఎక్కడమో మిగిలింది. 1913 అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో గాంధీ నాయకత్వాన మొదలైన సమ్మె నవంబరుకల్లా తీరంలోని చెరకు తోటలకు పాకింది. పొయ్యి మీది పాకం వదిలేసి మిల్లు కూలీలూ బయటికొచ్చారు. 1914లో పన్ను రద్దయింది.

ఒప్పందం నుంచి బయటపడ్డవారిలో కొందరు భూమి కౌలుకు తీసుకుని కూరగాయలు, మొక్కజొన్న, చెరకు వేశారు. మిల్లులు మాత్రం హ్యూలెట్, క్యాంప్‌బెల్, రేనాల్డ్స్ వంటి కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి. తర్వాతి కాలంలో ఈ పెట్టుబడి మొజాంబిక్, జింబాబ్వేల దాకా విస్తరించింది. కూలీలే కాదు, చెరకు విత్తనం కూడా ఇక్కడి నుంచే వెళ్లింది: కోయంబత్తూరులో సంకరం చేసిన విత్తనాన్ని నేటాల్‌లో మొలకెత్తించి, వడపోసి, 1945లో విడుదల చేసిన ఎన్‌కో 310 రకం ప్రపంచంలోని అనేక చెరకు దేశాలకు పాకింది.

అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. వారి పూర్వీకుల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసిన ఓడ రిజిస్టర్లు నేటికీ దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్ర రాసేవారు వాటిని తెరిచి, ఊరి వారీగా ఆ పేర్లను తెలుగులో అచ్చు వేయాలి.