పులిరాజా పిల్లలు

మా తరంలో తెలుగునాట పెరిగిన వాళ్లెవరినైనా అడగండి, పులిరాజా ఎవరో చెప్పేస్తారు. 2000ల మొదట్లో హోర్డింగుల మీద ఒకే ఒక్క ప్రశ్న కనిపించేది: పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? అంతకుముందు ముంబయిలో బల్బీర్ పాషా పేరుతో నడిచిన ప్రచారానికి ఇది తెలుగు రూపం. ప్రచారంగా చూస్తే బాగా పేలింది. అప్పటిదాకా పెద్దవాళ్లు నోటితో అనని మాట టీకొట్ల దగ్గరా బస్టాండుల్లోనూ జోకయి కూర్చుంది.

తిరుపతిలో మా క్లాసులోనూ అదే జరిగింది. సన్నగా, ఎప్పుడూ జలుబుతో ఉండే ఒక పిల్లోడికి ఆ పేరు పెట్టాం. వాళ్ల నాయన చనిపోయి అప్పటికి ఏడాది. ఏం జబ్బని ఎవరూ చెప్పలేదు, మేమే తేల్చేసుకున్నాం. "ఒరే పులిరాజా" అని నేనూ పిలిచాను. కొన్నాళ్లకి వాడి పక్కన కూర్చునేవాడు లేచి వేరే బెంచీకి పోయాడు. ఇంకొన్నాళ్లకి వాడే బడికి రావడం మానేశాడు. వాళ్ల అవ్వ వచ్చి టీసీ తీసుకుపోయిందని తర్వాత విన్నాం.

ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు ఆ హోర్డింగు గుర్తొస్తే దానిలో లేని ప్రశ్నే కనిపిస్తోంది. పులిరాజాకి వస్తుందా రాదా అని రాష్ట్రమంతా అడిగింది. వచ్చి, ఆయన పోతే, పిల్లలేమవుతారని ఎవరూ అడగలేదు. ఆ రెండో ప్రశ్నకి కూడా ఒక చరిత్ర ఉంది. అందులో చాలా భాగం మా ఊళ్ల చుట్టుపక్కలే జరిగింది.

*

మా జిల్లావాళ్లకి పెద్ద జబ్బంటే రాయవేలూరే. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. దేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి బయటపడింది కూడా ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ల్యాబులోనే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, తన గైడు డాక్టర్ సునీతి సోలొమన్ సలహాతో సెక్స్ వర్కర్ల రక్తం శాంపిళ్లు సేకరించింది. మద్రాసులో పరీక్షించే వసతి లేదు. శాంపిళ్లను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, రాత్రి రైల్లో వేలూరు మోసుకెళ్లింది. ఆరు పాజిటివ్ వచ్చాయి. అందుకోసం ఆమె వెతుక్కుంటూ వెళ్లిన చోట్లలో ప్రభుత్వం పట్టుకొచ్చి ఉంచిన ఆడవాళ్ల హోమ్ కూడా ఉంది. అంటే "తప్పు చేసినవాళ్ల జబ్బు" అనే ముద్ర మొదటి రోజునుంచే దాని మీద పడింది. ఆ ముద్ర తల్లిదండ్రులతో ఆగలేదు, పిల్లలకీ వారసత్వంగా వచ్చింది.

టెస్టు 1986లో వచ్చింది. మందు సంగతి వేరు. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల కోర్సును ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది గానీ, కూలికి పోయే కుటుంబానికి అదీ అందని ధరే. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తీవ్రత ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా ఆంధ్రప్రదేశ్ కూడా ఆ మొదటి జాబితాలో ఉంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 నవంబరు 30 దాకా రాలేదు.

1986 నుంచి 2004 దాకా లెక్కేస్తే 18 ఏళ్లు. మొదటి కేసు దొరికిన ఏడాది పుట్టిన బిడ్డకి ఉచిత మందు వచ్చేసరికి మైనారిటీ తీరిపోతుంది. ఆ 18 ఏళ్లలో పోయినవాళ్ల పిల్లల గురించే నేను మాట్లాడుతున్నది.

*

వీళ్లలో చాలామందికి హెచ్‌ఐవీ లేదు. ఏ వైద్యమూ లేకపోయినా తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు ఏమీ లేకుండానే పుడతారు. వైద్యం అందితే ఆ అవకాశం 5 శాతం లోపుకి దిగుతుంది. ఈ పిల్లలకి జబ్బు రాలేదు, జబ్బు పేరు వచ్చింది. వచ్చిన పిల్లలతో కలిసి తిన్నా, ఆడుకున్నా, ఒకే బెంచీలో కూర్చున్నా ఎవరికీ ఏమీ కాదు.

ఇక్కడ మా పాత చిత్తూరు జిల్లాలోనే ఉండిన మదనపల్లె గుర్తొస్తుంది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1912 నాటిది. ఊరికి దూరంగా, మంచి గాలిలో, వేరుగా ఉంచడమే అప్పటి వైద్యం. తర్వాత మందులొచ్చాయి. రోగులను ఇంట్లోనే ఉంచి వైద్యం చేస్తే ఇంటివాళ్లకి అదనపు ప్రమాదం ఉందా అని మద్రాసులో పరీక్షించి, లేదని 1959లో తేల్చారు. ఆ ఫలితం ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని మార్చింది. గాలిలో వ్యాపించే క్షయకే ఇంట్లో వైద్యం చాలని 1959లో తేల్చిన దేశం, పక్కన కూర్చుంటే సోకని జబ్బుకి 2003లో బెంచీ మార్చింది. కాబట్టి మా క్లాసులో జరిగినదాన్ని తెలియనితనం అని కొట్టిపారేయడం కుదరదు. తెలుసుకునే అవకాశం గంట ప్రయాణం దూరంలోనే ఉంది.

*

అనాథలకి మనకి తెలిసిన జవాబు హాస్టలు. తిరుపతిలో టీటీడీ బాలమందిరం 1943 నుంచీ ఉంది. ఎయిడ్స్ వచ్చాక రాష్ట్రంలో ఈ పిల్లల కోసమే విడిగా ఆశ్రమాలు పుట్టాయి. బంధువులు గుమ్మం తొక్కనివ్వని పిల్లల్ని అవి బతికించాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ విడి ఆశ్రమంలో ఉన్న పిల్లవాడు అడ్రస్ చెబితే చాలు, జబ్బు పేరు చెప్పినట్టే.

ఇంకో దారి విజయవాడలో కనిపిస్తుంది. గోరా కుటుంబం 1969లో మొదలుపెట్టిన వాసవ్య మహిళా మండలి, పిల్లవాణ్ని అవ్వ దగ్గరో పిన్ని దగ్గరో ఇంట్లోనే ఉంచి, ఆ ఇంటికి తిండికీ చదువుకీ వైద్యానికీ ఆసరా ఇచ్చే పని చేసింది. 2007 నుంచి గ్లోబల్ ఫండ్ డబ్బుతో ఆంధ్రతో పాటు తమిళనాడు, మహారాష్ట్ర, మణిపూర్‌లలో నడిచిన 'చాహా' కార్యక్రమం వెనకున్న ఆలోచన కూడా ఇదే. పిల్లవాడు ఊళ్లో ఉంటాడు, ఊరి బడికే పోతాడు. మారాల్సింది ఊరే.

అయితే అవ్వకి ఒక చిక్కుంది. 1956 చట్టం ప్రకారం హిందూ పిల్లలకి సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అవ్వ పేరు ఆ జాబితాలో లేదు. పిల్లల పేరున ఉన్న ఎకరం పొలం గురించి మాట్లాడాలంటే ఆమె కోర్టుకి పోవాలి. ఆ పొలం అప్పటికే చిన్నాన్న దున్నుకుంటూ ఉంటే, ఇక ఆమె మాట వినేదెవరు?

*

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేసింది ఒక అంకె. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో పార్లమెంటు దాటింది, 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. బడిలో, ఆస్పత్రిలో, ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష నేరుగా నిషేధం. సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదు. జబ్బుతో ఉన్న తల్లో తండ్రో తమ తర్వాత బిడ్డని ఎవరు చూడాలో ముందే రాసిపెట్టొచ్చు, అవ్వ పేరైనా సరే. ఇవన్నీ ఊహించదగ్గవే. తర్వాత ఇంకోటుంది: పన్నెండేళ్లు నిండిన పిల్ల, ఎయిడ్స్ బారిన పడిన తన కుటుంబాన్ని నడుపుతూ తగిన పరిణతి ఉంటే, తన తమ్ముడికో చెల్లెలికో చట్టపరంగా సంరక్షకురాలు కావచ్చు. బళ్లో చేర్పించొచ్చు, వైద్యం చేయించొచ్చు, బ్యాంకు ఖాతా నడపొచ్చు, ఆస్తి చూసుకోవచ్చు.

మొదటిసారి చదివినప్పుడు గొప్ప సంస్కరణ అనుకున్నాను. రెండోసారి చదివితే భయమేసింది. చట్టాలు గాల్లోంచి పుట్టవు. ఏడో తరగతి పిల్ల ఇల్లు నడుపుతున్న కుటుంబాలు చట్టం పట్టించుకోవాల్సినన్ని ఉంటేనే ఆ వాక్యం రాయాల్సి వస్తుంది. పన్నెండు అనే ఆ అంకె పిల్లల సమర్థతకి దక్కిన గుర్తింపే. దాంతోపాటు, చిన్నాన్నలూ మేనమామలూ పక్కింటివాళ్లూ క్లాస్‌మేట్లూ పక్కకి తప్పుకున్నారని పార్లమెంటు రాసిపెట్టిన సాక్ష్యం కూడా.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని. కొన్నేళ్ల క్రితం ఒక అడ్మిషన్ ఫారం తయారుచేస్తూ తండ్రి పేరు దగ్గర ఎర్ర చుక్క పెట్టాను, తప్పనిసరి అని. ఆ గడి నింపకపోతే ముందుకి పోదు. ఈ చట్టం చదివాక దాన్ని తీసేశాను. పెద్ద పనేం కాదు, ఒక లైను కోడ్. కానీ మన బళ్లలో, బ్యాంకుల్లో, పెళ్లి సంబంధాల్లో ఇలాంటి ఎర్ర చుక్కలు ఇంకా చాలా ఉన్నాయి. మీ నాయన ఎట్లా పోయాడప్పా అని అడిగే ప్రతిచోటా ఒకటుంది.

ఇప్పుడు తిరుపతి రుయాలో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ వేసుకుంటే నిండు జీవితం బతకొచ్చు. పిల్లలు అనాథలు కాకుండా ఆపే మొదటి పని అదే. మా క్లాసు పిల్లోడి నాయనకి ఆ అవకాశం అవసరమైందో లేదో కూడా చెప్పలేను, ఆయన పోయింది వేరే జబ్బుతోనూ కావచ్చు. బెంచీ ఖాళీ కావడానికి ఆ నిజం అక్కర్లేకపోయింది. అనుమానం సరిపోయింది.

వాడి అసలు పేరు నాకు బాగా గుర్తుంది. ఇక్కడ రాయను. అప్పుడు వాడికి లేని పేరు తగిలించాను, ఇప్పుడు ఉన్న పేరునైనా వాడికే వదిలేస్తాను.