కదలరాని మెడ – ఆగరాని ఊపిరి

దివిసీమలో కాలువగట్ల వెంట వరుసదీరిన తాటిచెట్లను మీరెరుగుదురు. ప్రొద్దు పొడువక మున్నే మోకు తగిలించుకొని చెట్టెక్కు గీతకాండ్రలో నొకడు జారిపడెనని విన్ననాడు ఊరంతయు కలతపడును. కాలు విరిగినచో నతుకుకొనును. మెడపూస విరిగినచో నాపద వేరు. ఆ పూసల నడుమనుండియే వెన్నుపాము దిగుచున్నది. అందు మూడవ, నాలుగవ, అయిదవ స్థానములనుండి వెడలు నరములే ఊపిరితిత్తుల క్రిందనున్న ఉదరవితానమును కదలించును. అచ్చట గట్టి దెబ్బ తగిలినచో ఊపిరి సన్నగిల్లును. అప్పుడు శ్వాసనాళములోనికి గొట్టము దింపవలెను. దింపుటకు తల వెనుకకు వంచుట వాడుక. వంచినచో విరిగిన పూస వెన్నుపామును నొక్కునేమో యను భయము. ఈ చిక్కును వైద్యులెట్లు విడదీసికొనుచు వచ్చిరో నేడు ముచ్చటింతము.

ఈ విద్య మొదట వ్రేళ్ళ విద్య. 1878లో గ్లాస్గో నగరమున విలియం మెక్యువెన్ అను శస్త్రవైద్యుడు, నోట పుట్టకురుపు గల యొక రోగికి కోతకు ముందు, వ్రేలితో తడవుచు నోటిగుండ గొట్టము దింపెను. 1885 ప్రాంతమున న్యూయార్కులో జోసఫ్ ఓడ్వయర్ డిఫ్తీరియాతో గొంతు పూడిన పసిబిడ్డలకు, కంఠము కోయకుండ, చిన్న గొట్టము లమర్చి పెక్కుప్రాణములు కాచెను.

మన దేశపు ముచ్చట యొకటి యిచ్చట చెప్పవలెను. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున నిజాము ధనసహాయముతో క్లోరోఫారము కమీషనులు జరిగినవి. వానికి ముఖ్యుడు ఎడ్వర్డు లారీ. నాడిని గాక ఊపిరిని కనిపెట్టుడని ఆయన బోధన. గుండెకును ఆ మందువలన ముప్పు గలదని తరువాతి పరిశోధనలు తేల్చినవి గాన, ఆ తీర్పు సగమే నిలిచినది. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందిచ్చు వైద్యమున ప్రపంచమునందే తొలి మహిళలలో నొకరుగా పేరొందినది.

1895లో బెర్లినునందు ఆల్ఫ్రెడ్ కిర్‌స్టైన్ స్వరపేటికను కంటితో నేరుగా చూడవచ్చునని చూపెను. కాని చూపు తిన్నగా పోవునే గాని వంపు తిరుగదు. కాలువ వంపున కావలనున్న పడవ యీవలి గట్టున నిలిచినవానికి కనబడునా? నోటికిని శ్వాసనాళమునకును నడుమ నట్టి వంపే కలదు. తలక్రింద దిండుంచి, గడ్డము పైకెత్తి, పువ్వు వాసన చూచువాని వలె మెడ నిలిపినచో ఆ వంపు కొంత సరియగును. 1943లో ఆక్స్‌ఫర్డునందు రాబర్టు మాకింతోష్ నాలుకను పైకెత్తుటకు వంపు తిరిగిన యలుగును కూర్చెను. అది నేటికిని వాడుకలో నున్నది. మెడ కదలరాని వానికి మాత్రము ఆ యలుగుతో దారి సరిగా కనబడదు.

మొదటి మహాయుద్ధమున ముఖములు ఛిద్రమైన సైనికులకు మత్తునిచ్చుచు మాగిల్, రోబాతమ్ అను వైద్యులు ముక్కుగుండ గొట్టము దింపు నేర్పు సాధించిరి. రోగి తన యూపిరి తాను పీల్చుచుండ, గొట్టపు కొసనుండి వచ్చు గాలిచప్పుడును చెవితో వినుచు ముందుకు జరుపుదురు. తల కదలింప నక్కర లేదు. కాని చూడకుండ చేయుపని. ముక్కున నెత్తురు రాలవచ్చును. పుఱ్ఱె యడుగు పగిలినవానికి తగదు.

1967లో లండనునందు పీటర్ మర్ఫీ వంగునట్టి గాజుపోగుల దుర్భిణితో గొట్టము దింపెను. చూపు వంపు తిరుగ నేర్చినది! మెడకు మిక్కిలి తక్కువ కదలిక యిచ్చు నుపాయములలో నిది యొకటి. రోగి మేలుకొనియుండగనే, గొంతు మొద్దుబార్చి, దీనిని నడుపవచ్చును. ఐనను నెత్తురు, ఉమ్మి అడ్డువచ్చినచో నేమియు కనబడదు. నేర్పరికిని కొంత తడవు పట్టును. ఊపిరి యాగుచున్న వానికి ఆ తడవు లేదు.

2001లో కెనడా వైద్యుడు జాన్ పేసీ యలుగు కొసన చిన్న కెమేరా నమర్చి బొమ్మ తెరపై కనబడునట్లు చేసెను. మెడ కదపకున్నను దారి తేటగా కనబడును. చూచుట వేరు, దూర్చుట వేరు సుమా! తెరపై కనబడిన ద్వారమునకు గొట్టపు మొన యందక తడబడుటయు కలదు. అందుచేత లోపల వంచిన తీగ నుంచి గొట్టమును నడుపుదురు.

ఏ పరికరమైనను రెండవ మనిషి లేనిదే పని సాగదు. మెడపట్టీ నోరు తెరువనీయదు గాన దాని ముందుభాగమును విప్పి, ఒకడు రెండుచేతులతో తలను మొండెమునకు తిన్నగా పట్టుకొనియుండును. అతడు లాగడు, వంచడు, పట్టుకొనును, అంతే. నా యెఱుకలో నా పనికే తగిన మెప్పు లేదు.

పూర్వము పడినవానిని మంచముపై నునిచి యెడ్లబండిలో తెచ్చుచుండ, తల యిటునటు దొర్లెడిది. కాలువ పడవపై వచ్చినవాని కుదుపు తక్కువని నా తలంపు. 2005లో మన రాష్ట్రమున 108 బండ్లు వచ్చిన పిదప మెడపట్టీయు గట్టిపలకయు పడినచోటికే రాసాగినవి.

ఇన్ని యుపాయములును తప్పినపుడు వైద్యుడు కంఠము ముందున మెత్తని పొర తడవి, చిన్నగంటు పెట్టి, అచ్చటనే గొట్టము దూర్చును. ఓడ్వయర్ తప్పింపజూచినది కంఠమున కత్తి పెట్టుటనే.